మండుటెండలో కరెంటు తగ్గించడం ఎందుకు?

పాఠకుల ప్రశ్నలకు విశ్రాంత విద్యుత్ ఇంజనీరు జవాబులు

గత నెల ఫ్రీక్వెన్సీ గురించి, అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్న దాని గురించి, రాసినప్పటి నుంచి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. ఎక్కువ భాగం కర్నూలు, నంద్యాల, అనంతపురం వైపు నుంచే. సోలార్ పలకలు వాళ్ల పొలం గట్టు దాకా వచ్చేశాయి కాబట్టి అడగడం సహజం. నేను పదకొండేళ్లు లోడ్ డిస్పాచ్ గదిలో, అంటే ఏ కేంద్రం ఎంత కరెంటు ఇవ్వాలో చెప్పే చోట, షిఫ్టులు చేశాను. రిటైరయ్యాక ఐదేళ్లు ఒక పెద్ద సోలార్ ప్లాంటులో పనిచేశాను. కరెంటు తగ్గించమని ఫోన్ చేసింది నేనే, తర్వాత అలాంటి ఫోన్లు ఎత్తిందీ నేనే. అందుకని ఈసారి అన్ని జవాబులూ ఆ ఒక్క విషయం మీదే రాస్తున్నాను.

ప్రశ్న: మా చేను పక్కనే సోలార్ పార్కు. అందులో పనిచేసే మా అల్లుడు అప్పుడప్పుడు ఇంటికొచ్చి "ఇవాళ మధ్యాహ్నం రెండు గంటల సేపు సగానికి తగ్గించమన్నారు మామా" అంటాడు. ఎండకు డబ్బు కట్టక్కర్లేదు కదా, ఎందుకు తగ్గించాలి? తగ్గించిన ఆ కరెంటు ఎక్కడికి పోతుంది?
– ఒక రైతు, గడివేముల మండలం

ముందు మీ రెండో ప్రశ్న తీసుకుంటాను. చాలామందిని బాధపెట్టేది అదే. ఆ కరెంటు ఎక్కడికీ పోదు. అసలు పుట్టదు.

పలకల వరుస ఒకటి తీసుకుందాం. ఎండలో అది 800 వోల్టుల దగ్గర అన్నింటికంటే ఎక్కువ పవర్ ఇస్తుందనుకోండి. అదే వరుసను ఏమీ తగిలించకుండా వదిలేస్తే రెండు కొసల మధ్య 1000 వోల్టులు కనిపిస్తాయి కానీ కరెంటు పారదు. మామూలు రోజున ఇన్వర్టర్, అంటే పలకల కరెంటును లైనుకు సరిపోయేలా మార్చే యంత్రం, ఆ 800 ఎక్కడుందో వెతుక్కుంటూ అక్కడే నిలబడుతుంది. ఎండ మారితే ఆ చోటు కాస్త అటూ ఇటూ జరుగుతుంది, ఇన్వర్టర్ కూడా దాని వెంటే జరుగుతుంది. తగ్గించమని ఆదేశం రాగానే ఇన్వర్టర్ కావాలనే ఆ చోటు వదిలి 900 వైపు, 950 వైపు జరుగుతుంది. అంతే, పవర్ తగ్గిపోతుంది. పలక మీద పడిన వెలుతురు కరెంటుగా మారకుండా వేడిగానే ఉండిపోతుంది. కాబట్టి పలక మామూలు కంటే కొంచెం ఎక్కువ వేడెక్కుతుంది. దానివల్ల పలకకు దెబ్బ ఏమీ లేదు.

ఇక ఎందుకు తగ్గించాలన్నది. కరెంటు వడ్లు కాదు, గాదెలో పోసి పెట్టుకోవడానికి. ఈ క్షణంలో రాష్ట్రమంతా, దేశమంతా ఎంత వాడుతున్నారో అంతే ఈ క్షణంలో తయారవాలి. తయారీ ఎక్కువైతే ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ (సెకనుకు 50 ఊపులు) దాటి పైకి పోతుంది, తక్కువైతే కిందికి దిగుతుంది. మన దేశంలో 49.90 నుంచి 50.05 హెర్ట్జ్ మధ్య ఉంచాలని నియమం. షిఫ్టులో ఉన్నప్పుడు నా కళ్లు గోడ మీది ఆ అంకె మీదే ఉండేవి. తాగుతున్న టీ చల్లారిపోయినా అంకె మాత్రం వదిలేవాణ్ణి కాదు.

మీ పక్కనున్న కర్నూలు పార్కు 1000 మెగావాట్లది. దాదాపు 5,900 ఎకరాలు, 40 లక్షలకు పైగా పలకలు. మంచి ఎండ రోజున ఒక్క పూటలో 80 లక్షల యూనిట్లకు పైగా ఇవ్వగలదు. ఇప్పుడు జులైలో ఒక ఆదివారం ఊహించుకోండి. ఫ్యాక్టరీలు సగం మూత. ముందురోజు రాత్రి కోస్తా అంతా వాన పడింది, రైతులు మోటార్లు వేయలేదు. ఫ్యాన్లు, ఏసీలు తక్కువ. అదే వేళకి రాయలసీమ కొండల మీద గాలిమరలు జోరుగా తిరుగుతున్నాయి. మీ దగ్గర మాత్రం ఎండ కాస్తోంది. ఇంత కరెంటు వాడేవాళ్లు లేరు. బొగ్గు యూనిట్లను తగ్గిస్తారు. కానీ వాటిని 55 శాతం కంటే కిందికి దించడం కష్టం. పూర్తిగా ఆపేస్తే సాయంత్రం ఏడు గంటలకు ఇళ్లల్లో దీపాలు వేసే వేళకి అవి మళ్లీ అందుకోలేవు, ఎండ అప్పటికి వెళ్లిపోయి ఉంటుంది. అన్నీ తగ్గించాక కూడా మిగులుంటే సోలార్ వంతు వస్తుంది. ఇంకో కారణం లైన్లు. పార్కు నుంచి బయటికి కరెంటు మోసే లైను ఒకటి మరమ్మతులో ఉంటే, మిగిలిన లైను మోయగలిగినంతే పంపాలి.

2020 ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకు దేశమంతా తొమ్మిది నిమిషాలు దీపాలార్పిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. వాడకం ఒక్కసారిగా 31 వేల మెగావాట్లకు పైగా పడిపోయింది. ఫ్రీక్వెన్సీ 49.70 నుంచి 50.26 దాకా ఊగి నిలబడింది. నిలబెట్టింది ఎక్కువగా జలవిద్యుత్ కేంద్రాలు, అవి నిమిషాల్లో తగ్గి నిమిషాల్లో పెరిగాయి. ఆ రాత్రి నేను ఇంట్లో ఫోన్‌లో ఆ అంకె చూస్తూ కూర్చున్నాను. నాకు తోచింది ఒక్కటే. రేపు మధ్యాహ్నం పూట దేశమంతా కలిపిన లైన్ల వలలో, అంటే గ్రిడ్‌లో సింహభాగం సోలార్ అయినప్పుడు, ఆ తగ్గి పెరిగే పని సోలార్ కూడా నేర్చుకోక తప్పదు.

ప్రశ్న: నేను ఎలక్ట్రికల్ మూడో సంవత్సరం చదువుతున్నాను. లక్షల పలకలు, వందల ఇన్వర్టర్లు ఉన్న ప్లాంటులో "120 మెగావాట్లే ఇవ్వండి" అంటే ఎలా ఇస్తారు? ఎవరైనా కూర్చుని స్విచ్చులు ఆపుతారా?
– ఒక విద్యార్థిని, అనంతపురం

అమ్మా, ఒకప్పుడు అలాగే ఆపేవాళ్లు. ఆ ముచ్చట ముందు చెబుతాను, ఎందుకంటే నేను ఈ పని నేర్చుకున్నది ఆ పొరపాటు నుంచే.

నేను సోలార్ ప్లాంటులో చేరిన కొత్తలో ఒక మధ్యాహ్నం లోడ్ డిస్పాచ్ నుంచి ఫోన్. 40 మెగావాట్లు వెంటనే తగ్గించాలి. షిఫ్టులో ఉన్న కుర్రాడు మంచివాడే, చెప్పింది చెప్పినట్టు చేసేవాడు. మాకు 33 కేవీ ఫీడర్లు, అంటే పలకల వైపు నుంచి కరెంటు తెచ్చే లైన్లు, ఒక్కొక్కటి 25 మెగావాట్లు మోసేవి. రెండు ఫీడర్ల బ్రేకర్లు తెరిచాడు, అంటే వాటిని ఆపేశాడు. 40 అడిగితే ఒక్క క్షణంలో 50 పోయింది. లైను మీద భారం అంత హఠాత్తుగా తగ్గేసరికి మా బస్ (ఫీడర్లన్నీ కలిసే చోటు) వోల్టేజీ ఎగిరింది. ఆ వోల్టేజీ చూసి మిగతా ఫీడర్లలోని కొన్ని ఇన్వర్టర్లు తమను తాము కాపాడుకోవడానికి ట్రిప్ అయ్యాయి, అంటే వాటంతట అవే ఆగిపోయాయి. గదిలో అలారం ఆగకుండా మోగుతోంది, స్క్రీన్ మీద పచ్చటి గళ్లు వరసగా ఎర్రబడుతున్నాయి. నిమిషం తిరక్కుండా 90 మెగావాట్లు పోయాయి. మళ్లీ ఫోన్. "మేము అడిగింది 40 కదండీ?" అన్నాడు అవతలి ఇంజనీరు. నా దగ్గర జవాబు లేదు. ఒకప్పుడు ఆ కుర్చీలో కూర్చుని అలాంటి ఫోన్లు చేసినవాణ్ణి, ఇవతల ఏం జరుగుతుందో ఒక్కసారైనా ఆలోచించలేదని ఆ రోజు తెలిసింది.

ఆ తర్వాత మా ప్లాంటులో పవర్ ప్లాంట్ కంట్రోలర్ పెట్టారు. చూడ్డానికి చిన్న ఇనుప పెట్టె, ఒక ప్యానెల్‌లో మూలన ఉంటుంది. దాని పని ఇదీ. ప్లాంటు గ్రిడ్‌ని కలిసే చోట, అంటే 220 కేవీ మీటరు దగ్గర, ఎంత పవర్ వెళ్తోందో కొలుస్తూ ఉంటుంది. అడిగింది 120, వెళ్తున్నది 163 అయితే, తేడా 43. దాన్ని ఇన్వర్టర్లకు పంచి, ఒక్కొక్క దానికి నీ పరిమితి ఇంత అని ఫైబర్ తీగ మీద ఆదేశం పంపుతుంది. మళ్లీ కొలుస్తుంది, మళ్లీ సరిచేస్తుంది. ఈ పని ఆగకుండా జరుగుతూనే ఉంటుంది. ఇన్వర్టర్ దగ్గర 120 ఉంటే చాలదని గుర్తుపెట్టుకో. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్లలో, కేబుళ్లలో కొంత పోతుంది. అందుకే కొలత ఎప్పుడూ గ్రిడ్‌ని కలిసే చోటే.

నాకు దీనిలో అన్నింటికంటే నచ్చింది మబ్బు వచ్చినప్పుడు చూడాలి. ప్లాంటు 120 దగ్గర పట్టి ఉంచాం. పడమటి నుంచి ఒక మబ్బు నీడ పాకుతూ వచ్చి మొదటి ఆరు బ్లాకుల మీద పడింది. ఆ బ్లాకుల ఇన్వర్టర్లు నీరసించాయి. తూర్పు బ్లాకులకు ఇంకా ఎండ ఉంది, వాటిని తగ్గించి పెట్టాం కాబట్టి వాటి దగ్గర ఇవ్వడానికి మిగిలుంది. కంట్రోలర్ వాటి పరిమితి పెంచుతుంది. మబ్బు తూర్పుకి వెళ్లేసరికి లెక్క తిరగబడుతుంది. పొలంలో నిలబడితే నీడ నడిచి వెళ్లడం కనిపిస్తుంది, గదిలో స్క్రీన్ మీద మాత్రం 119.8, 120.1, 119.9. మామూలు రోజున అదే మబ్బుకు మా గీత రంపపు పళ్లలా ఉండేది.

రూల్స్ కూడా చదువుకో. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ గ్రిడ్ అనుసంధాన ప్రమాణాలు 2007లో వచ్చాయి, 2013లో, 2019లో సవరించారు. 33 కేవీ, ఆపైన కలిసే 10 మెగావాట్లకు మించిన ప్లాంటుకు ఈ సెట్ పాయింట్ (అడిగినంతకే పట్టి ఉంచే) సదుపాయం ఉండాలని 2019 సవరణ చెబుతుంది. పవర్ మారే వేగం నిమిషానికి 10 శాతానికి మించకుండా పట్టి ఉంచే ఏర్పాటు కూడా ఉండాలి. మా 40 మెగావాట్ల గొడవకు అదే మందు. 200 మెగావాట్ల ప్లాంటుకు 40 అంటే 20 శాతం, రెండు నిమిషాల్లో మెట్లు దిగినట్టు దిగుతుంది, వోల్టేజీకి సర్దుకునే సమయం దొరుకుతుంది.

ఫ్రీక్వెన్సీకి కూడా ప్లాంటు తనంతట తాను స్పందించాలి. డ్రూప్, అంటే ఫ్రీక్వెన్సీ ఎంత శాతం మారితే పవర్ నూరు శాతం మారాలన్నది, 3 నుంచి 6 శాతం మధ్య ఉండాలి, 0.03 హెర్ట్జ్ తేడా దాకా ప్లాంటు కదలకపోయినా ఫర్వాలేదు. ఒక లెక్క చేసి చూపిస్తాను. 200 మెగావాట్ల ప్లాంటు, డ్రూప్ 5 శాతం. 50లో 5 శాతం అంటే 2.5 హెర్ట్జ్, అంత తేడాకు నూరు శాతం పవర్ మారాలి. ఫ్రీక్వెన్సీ 50.30కి పోయిందనుకో. తేడా 0.30, అందులో 0.03 తీసేస్తే 0.27. దాన్ని 2.5తో భాగిస్తే 10.8 శాతం, అంటే 21.6 మెగావాట్లు తగ్గాలి. ఎవరి ఫోనూ అక్కర్లేదు. తేడా 0.3 దాటితే కనీసం 10 శాతం స్పందన ఒక్క సెకనులోపు రావాలి. ఇనుప చక్రాలు తిప్పే బొగ్గు యూనిట్‌కి ఇంత చురుకు లేదు. ఇన్వర్టర్‌లో కదిలే భాగం లేదు కాబట్టి దానికి ఇది తేలిక.

ఫ్రీక్వెన్సీ పడిపోతే మరి? ఎండ ఇచ్చేదంతా ముందే ఇచ్చేస్తున్న ప్లాంటు పెంచడానికి ఏం మిగులుతుంది? కొంత వెనక్కి పట్టి ఉంచిన ప్లాంటే పెంచగలదు, లేదా పక్కన బ్యాటరీ ఉండాలి. తగ్గించడాన్ని ఉత్త నష్టంగా చూడకూడదని నేను అనేది ఇందుకే. నీ ప్రాజెక్టుకి ఈ లెక్కే తీసుకో, మంచి పని అవుతుంది.

ప్రశ్న: నేను స్పెయిన్‌లో ఎం.ఎస్. చదువుతున్నాను, మాది రాజమండ్రి. 2025 ఏప్రిల్ 28న ఇక్కడ దేశమంతా కరెంటు పోయి మెట్రోలో ఇరుక్కుపోయాను. సోలార్ ఎక్కువైనందుకే అలా అయిందని చాలామంది అంటున్నారు. నిజమేనా?

క్షేమంగా బయటపడ్డావు, సంతోషం నాయనా. "సోలార్ ఎక్కువైంది" అనడం సగం మాట. ఆ రోజు మధ్యాహ్నం 12 గంటల 33 నిమిషాలకు స్పెయిన్, పోర్చుగల్ రెండూ చీకటైపోయాయి. మొదలైంది వోల్టేజీ పెరగడంతో. పెరిగిన వోల్టేజీకి కొన్ని ఉత్పత్తి కేంద్రాలు ట్రిప్ అయ్యాయి. అవి తప్పుకోగానే వోల్టేజీ ఇంకా పెరిగింది, ఇంకొన్ని తప్పుకున్నాయి. పైన రాసిన మా ప్లాంటు గొడవ చదివావు కదా, అదే వరస. మాది 90 మెగావాట్లతో ఆగింది, అక్కడ రెండు దేశాలకు పాకింది.

వోల్టేజీని పట్టి ఉంచేది రియాక్టివ్ పవర్, అంటే పని చేయకుండా లైనులో అటూ ఇటూ ఊగుతూ ఉండే పవర్. అక్కడి సోలార్, గాలి ప్లాంట్లు అప్పటి నియమాల ప్రకారం ఒక స్థిరమైన పవర్ ఫ్యాక్టర్ (అసలు పవర్, రియాక్టివ్ పవర్ పాళ్లు చెప్పే అంకె) పట్టుకుని నడిచేవి. వోల్టేజీ పెరుగుతోందని చూసి తమంతట తాము రియాక్టివ్ పవర్ లాక్కోవడం వాటి బాధ్యత కాదు. ఆ పని చేయాల్సిన మామూలు కేంద్రాలు కొన్ని కూడా సరిపడా చేయలేదని ప్రభుత్వ నివేదిక చెప్పింది. ఆ జూన్‌లోనే నియమం మార్చి, పునరుత్పాదక ప్లాంట్లు కూడా వోల్టేజీ నియంత్రణలో పాల్గొనే దారి తెరిచారు. ఇన్వర్టర్లకు ఆ శక్తి ముందు నుంచీ ఉంది. అడగడమే ఆలస్యమైంది.

మన దగ్గర పవర్ ఫ్యాక్టర్ 0.95 ల్యాగ్ (రియాక్టివ్ పవర్ ఇవ్వడం) నుంచి 0.95 లీడ్ (లాక్కోవడం) దాకా ప్లాంటు రియాక్టివ్ సాయం మార్చుకుంటూ ఇవ్వాలన్నది నియమం. కాగితం మీద ఉన్నది వేరు, కంట్రోలర్‌లో ఏ మోడ్ పెట్టి ఉందన్నది వేరు. తనిఖీకి వెళ్లే ప్రతి ఇంజనీరూ ముందు ఆ మోడ్ చూడాలని నేను పట్టుబట్టి చెబుతాను. వోల్టేజీ మోడ్‌లో ఉండాల్సింది, పరీక్షల రోజున పవర్ ఫ్యాక్టర్ మోడ్‌కి మార్చి తిరిగి మార్చడం మరిచిపోయిన ప్లాంటు నేను కళ్లారా చూశాను. ఏడు నెలలు ఎవరూ గమనించలేదు.

ప్రశ్న: తగ్గించిన కరెంటుకు కూడా కంపెనీలకు డబ్బు కట్టాలంటున్నారు. వాడని కరెంటుకు మేమెందుకు కట్టాలి?
– ఒక ఉపాధ్యాయుడు, తిరుపతి

కోపం రావడం న్యాయమే మాస్టారూ, కానీ రెండు రకాల తగ్గింపులున్నాయి. లైను మోయలేకనో, ఫ్రీక్వెన్సీ పెరిగిపోయో తగ్గించడం ఒకటి. చవగ్గా ఇంకోచోట దొరుకుతోంది కాబట్టి నీది వద్దు అనడం ఇంకొకటి. సోలార్ ప్లాంట్లను "తప్పక నడపాల్సినవి"గా గుర్తించారు. 2021 అక్టోబరులో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం వాణిజ్య కారణాలతో వాటిని తగ్గించకూడదు. గ్రిడ్ సాంకేతిక ఇబ్బందికో, భద్రతకో మాత్రమే తగ్గించవచ్చు. దాన్ని మీరి తగ్గిస్తే ఒప్పందపు ధరకు పరిహారం ఇవ్వాలి. అదే ఏడాది ఆగస్టులో తమిళనాడు వ్యాజ్యంలో విద్యుత్ అప్పిలేట్ ట్రైబ్యునల్ తీర్పు కూడా ఈ దారిలోనే వచ్చింది. భద్రత పేరు చెప్పి వేరే కారణాలకు తగ్గించారని అది తేల్చింది.

అసలు చిక్కు లెక్క దగ్గర. పుట్టని కరెంటును మీటరు చూపదు. మా ప్లాంటులో ఒక పద్ధతి పెట్టుకున్నాం. తగ్గించే వేళ నాలుగు ఇన్వర్టర్లను మాత్రం ముట్టుకోకుండా పూర్తిగా నడవనిచ్చేవాళ్లం. అవి ఎంత ఇస్తున్నాయో చూసి, మిగతావి ఎంత ఇచ్చి ఉండేవో లెక్కగట్టేవాళ్లం. ఎండ కొలిచే పరికరం అంకె కూడా పక్కన రాసేవాళ్లం. దుమ్ము పట్టిన ఆ పరికరాన్ని రోజూ ఉదయం తుడవకపోతే లెక్క మనకే ఎదురుతిరుగుతుంది.

డిస్పాచ్ గది వైపు నుంచి నేను కోరేదొకటే. తగ్గించమన్న ప్రతి ఆదేశానికీ సమయం, ఆ క్షణపు ఫ్రీక్వెన్సీ, ఏ లైను మీద ఎంత భారం ఉందో రాసి, మర్నాడు అందరికీ కనపడేలా పెట్టాలి. నా షిఫ్టుల్లో నేను లాగ్ పుస్తకంలో "గ్రిడ్ కండిషన్" అని రెండు మాటలు రాసి వదిలేసిన రోజులున్నాయి. అది తప్పు. ఆ రెండు మాటల వెనక ఎవరి రూపాయి పోయిందో మీలాంటివాళ్లు ఎలా తెలుసుకుంటారు?

ప్రశ్న: మధ్యాహ్నం మిగిలేదాన్ని దాచుకోలేమా?
– నంద్యాల నుంచి ఒక పాఠకుడు

దాచుకోవచ్చు. శ్రీశైలం ఎడమగట్టున ఆరు 150 మెగావాట్ల యూనిట్లున్నాయి. అవి నీళ్లను కిందికి వదిలి కరెంటు తీయగలవు, కరెంటు పెట్టి నీళ్లను తిరిగి పైకి తోడగలవు. నాగార్జునసాగర్‌లోనూ అలాంటివి ఏడున్నాయి. మీ జిల్లాలోనే పిన్నాపురం దగ్గర 1680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టు వచ్చింది. దాచడం కంటే చవకైనది వాడకాన్నే పగటికి తేవడం. ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి 9 గంటల కరెంటు పగలే ఇవ్వాలన్న నిర్ణయం రైతుకు రాత్రి పాముల భయం తప్పించింది, మధ్యాహ్నపు సోలార్‌కి వాడకం చూపించింది. నా సర్వీసులో చూసిన మంచి పనుల్లో దాన్ని ముందు వరసలో పెడతాను.

ప్రశ్న: మా డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ ఉంది. దాన్ని కూడా ఇలా తగ్గిస్తారా? కరెంటు పోయినప్పుడు ఎండ ఉన్నా అది ఆగిపోతోంది, చెడిపోయిందా?
– ఒక గృహిణి, గుంటూరు

లేదమ్మా, లోడ్ డిస్పాచ్ వాళ్లు మీ డాబా దాకా రారు. కరెంటు పోయినప్పుడు ఆగడం అది చెడిపోయినట్టు కాదు, సరిగ్గా పనిచేస్తున్నట్టు. వీధి లైను ఆపి స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు మీ ఇంటి నుంచి కరెంటు ఎదురు రాకూడదు కదా. కరెంటు ఉండగానే మిట్ట మధ్యాహ్నం మాటిమాటికీ ఆగుతుంటే మాత్రం ఇన్వర్టర్ తెర మీద గ్రిడ్ వోల్టేజీ ఎంతో చూసి రాసుకోండి. 250 దాటి 260 వైపు పోతుంటే వీధి ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ (వోల్టేజీ పెంచి తగ్గించే అమరిక) సరిచేయాలి. తేదీ, సమయం, అంకె మూడూ రాసిన కాగితం తీసుకుని మీ సెక్షన్ ఏఈ దగ్గరికి వెళ్లండి.